వెనక ఇంజిన్ కారు: పోర్షే 911 కథ

శ్రోతలకు నమస్కారం.

జర్మన్ స్పోర్ట్స్ కారు పోర్షే 911ను 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో మొదటిసారి చూపించినప్పుడు దాని పేరు 901. మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు తమవేనని ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో కంపెనీ అభ్యంతరం పెట్టింది. దాంతో సున్నా పోయి ఒకటి వచ్చింది. కారు రూపం గీసింది పోర్షే కంపెనీ స్థాపకుడి మనవడు ఫెర్డినాండ్ అలెగ్జాండర్ పోర్షే.

ఈ కారు ఇంజిన్ వెనక ఉంటుంది. అదీ వెనక ఇరుసు దాటాక! ఆరు సిలిండర్లు ఇటు మూడు, అటు మూడు పడుకోబెట్టినట్టుంటాయి. మొదటి ఇంజిన్ 2 లీటర్లు, 130 హార్స్‌పవర్. దాన్ని చల్లబరిచేది గాలే, నీళ్లు కావు. బరువు వెనక ఉండటంతో బయల్దేరేటప్పుడు చక్రాలకు మంచి పట్టు దొరికేది. కానీ మలుపులో భయపడి యాక్సిలరేటర్ మీంచి ఒక్కసారిగా కాలు తీస్తే, కారు వెనక భాగం బయటికి తిరిగిపోయేది. ఇంజిన్‌ను ముందుకు జరిపితే సరిపోయేది కదా అనిపిస్తుంది. వాళ్లు ఆ పని చేయలేదు. బదులుగా, ఇంజిన్ బరువు మరీ వెనక వేలాడకుండా 1969 మోడల్‌కి వెనక చక్రాలను 57 మిల్లీమీటర్లు వెనక్కి జరిపారు. 1973 కరేరా ఆర్ఎస్‌కి వేగంలో వెనక భాగం తేలిపోకుండా బాతు తోకలాంటి రెక్క పెట్టారు. నాకు అన్నిటికంటే అందంగా కనిపించే 911 అదే.

తర్వాత కారుకే గండం వచ్చింది. ముందు భాగంలో ఇంజిన్ ఉన్న మరో పోర్షే కారు 928 రావడంతో 911ను ఆపేద్దామనుకున్నారు. 1981లో పీటర్ షూట్జ్ కంపెనీ పగ్గాలు చేపట్టారు. ఇంజినీర్ హెల్ముట్ బోట్ గదిలో, ఏ కారు ఎప్పటిదాకా కొనసాగుతుందో చూపే చార్టులో 911 గీత ఆ ఏడాదితోనే ఆగిపోయి ఉంది. తాను మార్కర్ తీసుకుని ఆ గీతను చార్టు దాటించి గోడ మీదికి లాగానని షూట్జ్ తర్వాత చెప్పారు. ఆ ధైర్యానికి చేతులెత్తి మొక్కాలి.

1997లో ఇంజిన్‌ను చల్లబరచడానికి గాలి పోయి నీళ్లొచ్చాయి. అభిమానులు చాలా బాధపడ్డారు. కానీ శబ్దం, పొగ నిబంధనలు బిగుసుకుంటుంటే వేరే దారి లేదు, ఆ నిర్ణయం సరైనదే. 2017లో పది లక్షలవ 911 తయారైంది.

టర్బో సంగతి కూడా చెప్పాలి. ఇంజిన్ పొగతో తిరుగుతూ ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి నెట్టి శక్తి పెంచే పరికరమది. 1975 నాటి 911 టర్బోలో యాక్సిలరేటర్ తొక్కాక కాసేపు ఏమీ జరిగేది కాదు, ఆ తర్వాత శక్తంతా ఒక్కసారిగా మీదపడేది. డ్రైవర్‌కి ఎంత టెన్షనో ఊహించండి! 2024లో వచ్చిన హైబ్రిడ్ కరేరా జీటీఎస్‌లో టర్బో లోపలే చిన్న ఎలక్ట్రిక్ మోటార్ అమర్చారు. ఇంజిన్ పొగ వచ్చి తిప్పేదాకా ఆగకుండా, కాలు తగలగానే అదే టర్బోను తిప్పేస్తుంది.