రెండోసారి వాయిస్తేనే

శ్రోతలకు నమస్కారం.

1897 మార్చి నెల. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరం. 23 ఏళ్ల స్వరకర్త సెర్గీ రహ్మానినోవ్ రాసిన మొదటి సింఫనీని, అంటే ఆర్కెస్ట్రా మొత్తం కలిసి వాయించే పెద్ద రచనను, ఆ రాత్రి తొలిసారి వాయిస్తున్నారు. హాల్లో కూర్చోలేక బయట మెట్ల మీద నక్కి, మధ్యమధ్య చెవులు మూసుకున్నాడట ఆ కుర్రవాడు. రిహార్సల్ సరిపోలేదు, ఆర్కెస్ట్రా తడబడింది. తర్వాత సీజర్ కుయీ పత్రికలో విరుచుకుపడ్డాడు. కుయీ విమర్శకుడే కాదు, స్వయంగా స్వరకర్త. నరకంలో సంగీత కళాశాల ఉండి, అందులో ఓ చురుకైన విద్యార్థి బైబిల్లో ఈజిప్టును పట్టిన అరిష్టాల మీద సింఫనీ రాస్తే ఇలాగే ఉంటుందనీ, నరకవాసులకు అది తెగ నచ్చుతుందనీ ఎద్దేవా చేశాడు.

చదవడానికి సరదాగానే ఉంది, మనది కాదు కాబట్టి. రహ్మానినోవ్ మాత్రం ఆ దెబ్బకు దాదాపు మూడేళ్లు కలం పక్కన పెట్టేశాడు. నికొలాయ్ దాల్ అనే వైద్యుడి దగ్గర చికిత్స తీసుకున్నాకే రెండో పియానో కన్చెర్టో, అంటే పియానో ముందుండగా ఆర్కెస్ట్రా తోడు వాయించే రచన, రాయగలిగాడు. సింఫనీని అచ్చు వేయించలేదు, బతికుండగా మళ్లీ వాయించనివ్వలేదు.

ఇక్కడ నాకొక సందేహం. కుయీ విన్నది ఏమిటి? రచననా, ఆ రాత్రి జరిగిన అధ్వాన్నమైన వాయింపునా? మనకు బాగా పరిచయమైన రచనను ఆర్కెస్ట్రా పాడుచేస్తే, తప్పు వాయించినవాళ్లదని ఇట్టే పట్టేస్తాం. కొత్త రచన విషయంలోనూ, ఎన్నో ఏళ్లుగా మూలనపడి ఉన్న రచన విషయంలోనూ ఆ వీలు లేదు. పోల్చి చూడటానికి మన చెవిలో మరో వాయింపు లేదు. బేతోవెన్ ఐదో సింఫనీని ఎవరైనా తిట్టినా ఊడేదేం లేదు, వెయ్యి అభిప్రాయాల్లో అదొకటి. ఎవరూ వినని రచన మీద వచ్చిన ఒక్క సమీక్షే మాత్రం ఏకైక సాక్ష్యం అయిపోతుంది. ఆ సాక్షి పొరపాటు పడితే సరిదిద్దేవాడుండడు.

అలాగని తిట్టు తిన్న ప్రతి రచనా అటకెక్కలేదు. 1881లో వియన్నాలో రష్యా స్వరకర్త చైకోవ్‌స్కీ వయొలిన్ కన్చెర్టో మొదటిసారి మోగింది. ఆ ఊరి విమర్శకుల్లో పెద్దన్నలాంటి ఎడ్వర్డ్ హాన్స్‌లిక్, సంగీతానికి కూడా దుర్వాసన ఉండగలదని ఇది విన్నాక అనిపిస్తోందనే అర్థంలో రాశాడు. ఆ మాటలు చైకోవ్‌స్కీని జీవితాంతం వెంటాడాయి. అయినా కన్చెర్టో చావలేదు. ఎందుకంటే ఆ రాత్రి దాన్ని వాయించిన అడాల్ఫ్ బ్రాడ్‌స్కీ మొండివాడు. మరుసటి ఏడాదే లండన్‌లో మళ్లీ వాయించాడు. వాయించడం తన వల్ల కాదని మొదట్లో తప్పుకున్న లియోపోల్డ్ ఆవర్ అనే వయొలిన్ విద్వాంసుడు కూడా తర్వాత తన శిష్యులకు అదే రచన నేర్పాడు. రెండోసారి వాయించే మనిషి ఉంటే సమీక్ష ఉత్త కాగితమే. అలాంటివాడు లేని రచనకు అదే మరణశాసనం.

మరి మంచి సమీక్ష మూలనపడ్డ సంగీతాన్ని లేపి నిలబెట్టగలదా? జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన ‘సెయింట్ మాథ్యూ ప్యాషన్’ కథ చూడండి. క్రీస్తు శ్రమలనూ మరణాన్నీ పాడే రచన అది. ఆయన 1750లో చనిపోయాక ఆ మహారచన ఆయన పనిచేసిన లైప్‌జిగ్ నగరం దాటి ఎవరికీ పట్టలేదు. 1829 మార్చి 11న బెర్లిన్‌లో 20 ఏళ్ల స్వరకర్త ఫెలిక్స్ మెండెల్సన్ దాన్ని మళ్లీ వినిపించాడు. ఆ పేరు అందరికీ తెలుసు. తెర వెనక అడాల్ఫ్ బెర్న్‌హార్డ్ మార్క్స్ అనే సంపాదకుడు ఉన్నాడు. కచేరీ అయ్యాక సమీక్ష రాయడం కాదు, కచేరీకి కొన్ని వారాల ముందునుంచే తన సంగీత పత్రికలో దాని గొప్పతనం చాటుతూ వచ్చాడు. హాలు కిటకిటలాడింది, టికెట్లు దొరక్క ఎంతోమంది వెనుదిరిగారు, పది రోజులకే రెండో కచేరీ జరిగింది. అన్నట్టు, ఆ పత్రికను ప్రచురించే ష్లెసింగరే మరుసటి ఏడాది ఆ రచన స్వరప్రతిని, అంటే స్వరాలన్నీ రాసి ఉన్న పుస్తకాన్ని కూడా అచ్చువేసి అమ్మాడు. విమర్శకుడి ఉత్సాహంలో వ్యాపారం కలిసిందని ముక్కు విరవొచ్చు. నాకైతే పెద్ద తప్పనిపించదు. స్వరప్రతి అచ్చులో లేకపోతే ఎంత పొగిడినా వాయించేదెలా?

వియన్నా స్వరకర్త షూబర్ట్ విషయం ఇంత సాఫీగా సాగలేదు. 31 ఏళ్లకే, 1828లో కన్నుమూశాడు. పదేళ్ల తర్వాత, స్వరకర్తా విమర్శకుడూ అయిన రాబర్ట్ షూమన్ వియన్నాలో ఆయన అన్న ఫెర్డినాండ్ ఇంటికి వెళ్లి, రాతప్రతుల గుట్టలో పెద్ద సి మేజర్ సింఫనీని చూశాడు. లైప్‌జిగ్‌కు పంపించాడు, 1839 మార్చిలో మెండెల్సన్ వినిపించాడు. మరుసటి ఏడాది షూమన్ రాసిన వ్యాసంలో ‘స్వర్గతుల్యమైన నిడివి’ అన్న మాట ఈనాటికీ నిలిచింది. జనం విసుక్కునే లోపాన్నే గుణంగా వినమని నేర్పాడు. సమీక్ష చేయగల మేలు అదీ. అయినా 1844లో లండన్‌లో మెండెల్సన్ రిహార్సల్ మొదలుపెడితే, చివరి భాగంలో ఒకే స్వరగుచ్ఛాన్ని పదేపదే వాయించాల్సి వచ్చినప్పుడు వయొలిన్ వాళ్లు పగలబడి నవ్వారు. ఆయన సింఫనీని వెనక్కి తీసుకున్నాడు. వాద్యకారుడి నవ్వు ముందు వ్యాసం ఓడిపోయింది, అప్పటికి.

ఇంకా బాధాకరమైనది ఫ్లారెన్స్ ప్రైస్ కథ. అమెరికన్ నల్లజాతి మహిళ, స్వరకర్త. 1933 జూన్ 15న షికాగో సింఫనీ ఆర్కెస్ట్రా ఆమె మొదటి సింఫనీని వాయించింది. పత్రికలో వచ్చిన సమీక్ష దాన్ని లోపం లేని రచన అంది. ఇంతకంటే ఏం కావాలి? కానీ తర్వాత తలుపులు తెరుచుకోలేదు. 1943లో ఆమె బోస్టన్ కండక్టర్ కుసెవిట్‌స్కీకి రాసిన ఉత్తరంలో, తనకు రెండు అడ్డంకులున్నాయని మొదటే చెప్పేసింది: ఆడదాన్ని కావడం, నల్లజాతి రక్తం ఉండటం. 1953లో చనిపోయింది. 2009లో ఇల్లినాయ్ రాష్ట్రంలో శిథిలమైన ఓ ఇంటిని బాగుచేద్దామని వెళ్లినవాళ్లకు కాగితాల కట్టలు దొరికాయి. అవి ఆమె రాతప్రతులు, రెండు వయొలిన్ కన్చెర్టోలూ నాలుగో సింఫనీతో సహా. ఆమెను విమర్శకులు తిట్టలేదు. మెచ్చుకుని, మరచిపోయారు. తిట్టుకు కనీసం జవాబు చెప్పుకోవచ్చు.

ఇప్పటి సమీక్షకులకు కూడా రెండు జబ్బులున్నాయి. మరుగునపడ్డ రచన రికార్డింగ్ రాగానే ‘దీన్ని ఊరికే మరిచిపోలేదులెండి’ అని చప్పరించేయడం ఒకటి. ప్రతి దుమ్ముపట్టిన కాగితాన్నీ ‘కోల్పోయిన కళాఖండం’ అనేయడం రెండోది. రెండోదే ఎక్కువ చేటని నా అభిప్రాయం. అలా నాలుగుసార్లు నమ్మి నిరాశపడ్డ శ్రోత ఐదోసారి, నిజంగా గొప్పదొచ్చినా, వినడు.

రేడియోలో కూర్చుని రేడియోను పొగడటం బాగుండదు గానీ, ఒక్క మాట. పోలెండ్ స్వరకర్త గురెట్‌స్కీ 1976లో రాసిన మూడో సింఫనీకి తొలి ప్రదర్శనలో చాలామంది విమర్శకులు పెదవి విరిచారు. 1992లో వచ్చిన రికార్డింగ్‌ను బ్రిటన్ రేడియో పదేపదే వినిపించింది. పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది.

రహ్మానినోవ్ దగ్గర ఆగాం కదా. ఆయన రష్యా వదిలి వెళ్లాక ఆ సింఫనీ స్వరప్రతి ఏమైందో తెలియలేదు. 1943లో ఆయన పోయాక లెనిన్‌గ్రాద్ (పాత సెయింట్ పీటర్స్‌బర్గే) సంగీత కళాశాల గ్రంథాలయంలో, 1897 రాత్రి వాద్యకారులు ముందు పెట్టుకుని వాయించిన కాగితాలు దొరికాయి. ఒక్కో వాద్యానిది ఒక్కో కట్ట. వాటన్నిటినీ పేర్చి మొత్తం స్వరప్రతిని మళ్లీ కట్టారు. 1945 అక్టోబర్ 17న మాస్కోలో కండక్టర్ అలెగ్జాందర్ గావుక్ ఆ సింఫనీని రెండోసారి మోగించాడు. మొదటి వాయింపుకు 48 ఏళ్ల తర్వాత. వినడానికి రహ్మానినోవ్ లేడు. తన మాట మార్చుకోవడానికి కుయీ కూడా లేడు, 1918లోనే పోయాడు.

నమస్కారం.