శ్లాబు కారుతోందని ఎవరికి చెప్పాలి

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరసలో కూర్చున్న నా పాత విద్యార్థులకు, వంటల దగ్గర పనిలో ఉండి ఇటు రాలేకపోయిన అమ్మలకు కూడా నమస్కారాలు. ఉగాది పూట బరంపురంలో తెలుగు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు పడినప్పుడు మన ఊరు మద్రాసు నుంచి ఇటు వచ్చింది, మనం ఉన్నచోటే ఉన్నాం. ఈ సంగతి ఏటా చెప్పుకుంటూనే ఉన్నాం. ఈసారి మనం ఉంటున్న ఇళ్ళ గురించి మాట్లాడనివ్వండి. రాసుకొచ్చిన కాగితం పక్కన పెట్టేస్తున్నాను.

బడాబజారులో మేం పదకొండేళ్ళు అద్దెకున్నాం. మేడ మీది వాటా. రెండు గదులు, వంటిల్లు. మొదటి వానాకాలంలోనే లోపలి గది మూల చెమ్మ కనిపించింది. రెండో ఏడు కారడం మొదలైంది. మా అత్తయ్య మంచం ఆ గదిలోనే. ఎటు జరిపినా ఇంకోచోట చుక్క పడేది. సత్తు గిన్నె పెట్టి, అందులో పాత చీర ముక్క వేసేదాన్ని. నీళ్ళు పట్టడానికి గిన్నె, చప్పుడుకి ఆవిడ లేవకుండా గుడ్డ. రాత్రి రెండుసార్లు లేచి గుడ్డ పిండి మళ్ళీ వేయాలి. పొద్దున్నే బడికి వెళ్ళి పాఠం చెప్పాలి.

ఓనరుగారు చెడ్డమనిషి కారు. పండక్కి పిఠా, అదే ఒడియావాళ్ళ పిండివంట, పంపేవారు. శ్లాబు మాటెత్తితే మాత్రం "కాలి ఆసిబి" అనేవారు. రేపు వస్తాను అని. ఆ రేపు మూడేళ్ళు రాలేదు. ఒకసారి గట్టిగా అడిగితే, నచ్చకపోతే వేరే ఇల్లు చూసుకోండి అన్నారు.

చివరికి మావారే మేస్త్రీని పిలిచారు. పైకెక్కి చూస్తే తూము దగ్గర ఆకులు, మట్టి పేరుకుపోయి నీళ్ళు నిలిచి ఉన్నాయి. పిట్టగోడ, శ్లాబు కలిసేచోట వేలు దూరేంత పగులు. మేస్త్రీ పగులు కొట్టి శుభ్రం చేసి, మూల పొడుగునా సిమెంటు గుండ్రంగా పోసి, నీళ్ళు తూముకి పారేలా వాటం సరిచేశాడు. రెండు రోజుల పని. 6,200 రూపాయలు, మా చేతివే. గది ఆరింది. మరుసటి నెల ఓనరుగారు వచ్చి చూసి, ఇప్పుడు ఇల్లు బాగుంది కదా అని అద్దె మూడు వందలు పెంచారు. ఇన్నేళ్ళయినా ఆ మాట నేను మరిచిపోలేదు. మేం బాగుచేయించిన శ్లాబుకి మేమే ఎక్కువ అద్దె కట్టాం!

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు మీలో చాలామంది ఇక్కడే ఉన్నారు. దసరా రోజులు. మా మేస్త్రీ పోసిన మూల నిలబడింది. డబ్బు చాలక మేం వదిలేసిన రెండో గదిలో తెల్లవారేసరికి పెచ్చు ఊడి మంచం మీద పడింది. చువ్వలు బయటపడ్డాయి. చువ్వకి నీళ్ళు తగిలితే తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటుని కిందికి తోసేస్తుంది. మనది సముద్రపు గాలి. తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. వందల్లో పోయే రిపేరు వేలల్లోకి వెళ్ళేది ఇలాగే.

చట్టం లేదా అంటారు. ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 108వ సెక్షన్. ఓనరు చేయవలసిన రిపేరు, నోటీసు ఇచ్చినా తగిన గడువులో చేయకపోతే, అద్దెకున్నవారు చేయించుకుని ఆ ఖర్చు వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. నాకిది రిటైరయ్యాక తెలిసింది. అయితే ఫలానా రిపేరు ఓనరుదే అని ముందు తేలాలి. మన పదకొండు నెలల అద్దె కాగితంలో ఏముంటుంది? అద్దె, అడ్వాన్సు, ఖాళీ చేయాల్సిన తేదీ. అదీ ఇంగ్లీషులోనో ఒడియాలోనో ఉంటుంది, మనవాళ్ళు చదవకుండానే సంతకం పెడతారు.

2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టంలో జాబితా ఉంది. కట్టుబడి రిపేర్లు, సున్నాలు, రంగులు, పైపులు మార్చడం, వైరింగు ఓనరువి. కొళాయి వాషర్లు, స్విచ్చులు, కిటికీ అద్దాలు, కాలువ శుభ్రం అద్దెకున్నవారివి. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అది అమలవుతుంది. మన కాగితంలో ఆ జాబితా రాసుకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. మళ్ళీ చెబుతున్నాను, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

2016లో అంకులి వైపు ఇల్లు కట్టుకున్నాం. సొంతింట్లో అడగడానికి ఎవరూ ఉండరు. మేస్త్రీ నాతోనూ "కాలి ఆసిబి" అనే అంటాడు, ఎనిమిది రోజులు ఫోను చేయాలి. మోటారు కాలినా ట్యాంకు పగిలినా పెన్షన్‌లోంచే. ఓనర్ల టెన్షన్ తెలియక మాట్లాడటం లేదు. కానీ ఇక్కడ నేను గోడ కొట్టమంటే కొడతారు. పెట్టిన రూపాయి నా గోడలోనే ఉంటుంది.

పోయిన వానాకాలం మా పై వాటాలోని అమ్మాయి అద్దె ఇవ్వడానికి కిందికి వచ్చింది. గుణుపురం పిల్ల, కొత్తగా పెళ్ళయింది. డబ్బిచ్చి వెళ్ళకుండా గుమ్మంలోనే నిలబడింది. ఏమ్మా అంటే, "ఏం లేదు ఆంటీ, మీకు వీలున్నప్పుడు ఒకసారి పైకి రండి" అంది. వెళ్ళాను. స్నానాలగదిలో పైపు జాయింటు కారుతోంది. కింద బకెట్టు, బకెట్లో మడత పెట్టిన టవలు. ఎన్నాళ్ళయిందమ్మా అంటే ఇరవై రోజులంది. చెప్పలేదేం అంటే, "ఇప్పుడిప్పుడే వచ్చాం కదా ఆంటీ, ఖాళీ చేయమంటారేమోనని" అంది. నాకు కాసేపు నోట మాట రాలేదు. ఆ బకెట్టు ముందు నేను ఓనరుగా నిలబడి ఉన్నాను.

ఈ హాల్లో వాటాలు అద్దెకిచ్చినవాళ్ళు చేతులెత్తండి. ఎత్తండమ్మా, ఎత్తండి. ఇంతమందిమి ఉన్నాం. ఇంటికెళ్ళాక ఒకసారి పైకెళ్ళి, ఏమైనా కారుతోందా అని మీరే అడగండి. వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

ఎవరి రిపేరు ఏదో తెలుగులోనూ ఒడియాలోనూ ఒకే కాగితం మీద రాయించి 100 కాపీలు తెచ్చాను. గుమ్మం పక్క బల్ల మీద ఉన్నాయి. ఓనర్లు రెండు తీసుకోండి, ఒకటి మీకు, ఒకటి మీ ఇంట్లో అద్దెకున్నవాళ్ళకి. అద్దెకున్నవాళ్ళూ తీసుకోండి. వానలు జూన్‌లో మొదలవుతాయి. మేస్త్రీకి ఈ వారమే చెప్పండి, అప్పుడైతే దొరకడు.