రివ్యూ కొట్టేస్తే అప్పీలు దేని మీద?

యాంకర్: తెనాలి నుంచి ఒకరు లైన్లో ఉన్నారు. చెప్పండి.

కాలర్: నమస్కారమండీ. మా పొలం గట్టు దావాలో మున్సిఫ్ కోర్టు మాకు వ్యతిరేకంగా డిక్రీ ఇచ్చింది. ఆ తీర్పును అదే కోర్టు మళ్లీ చూడాలని రివ్యూ వేశాం. ఎనిమిది నెలలు నడిపి కొట్టేశారు. ఆ ఆర్డర్ మీద అప్పీలు వేసుకోవచ్చా?

రిటైర్డ్ జడ్జి: కుదరదండీ. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 47వ ఆర్డర్, అంటే అధ్యాయం లాంటిది, అందులో 7వ రూల్ చూడండి. రివ్యూ కొట్టేసిన ఆర్డర్ మీద అప్పీలు లేదు. అలౌ చేస్తే మాత్రం అవతలివాళ్లకు ఉంది. వెంటనే వేసుకోవచ్చు, లేదంటే చివరి డిక్రీ మీద వేసే అప్పీల్లో ఆ అభ్యంతరం చెప్పుకోవచ్చు.

యాంకర్: ఒకరికి తలుపు తీసి ఇంకొకరికి మూసినట్టుందే!

న్యాయవాది: అలాగే అనిపిస్తుంది మేడమ్. కానీ రివ్యూ అలౌ అయితే గెలిచినాయన చేతిలోని డిక్రీ కదిలిపోతుంది. కొట్టేస్తే ఏమీ మారదు, పాత డిక్రీ పాత డిక్రీయే. అప్పీలు దాని మీదే వేయాలి. 2012లో డీఎస్ఆర్ స్టీల్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి విడమరిచి చెప్పింది. చిక్కల్లా గడువుతోనే. బాబూ, డిక్రీ సర్టిఫైడ్ కాపీ దగ్గరుందా?

కాలర్: ఉందండీ... ఇదిగో.

న్యాయవాది: దాని మీద ముద్రలో తేదీలుంటాయి, చదవండి.

కాలర్: అర్జీ పెట్టింది మార్చి 4. కాపీ రెడీ అయింది 19.

న్యాయవాది: కాపీకి పట్టిన ఆ రోజులు గడువు లెక్కలోంచి తీసేస్తారు. రివ్యూ నడిచిన ఎనిమిది నెలలు మాత్రం వాటంతటవే పోవు. జిల్లా కోర్టులో అప్పీలుకు గడువు 30 రోజులే. లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద, ఆలస్యాన్ని మన్నించమని డిలే పిటిషన్ కూడా వేయాలి.

జడ్జి: అసలు రివ్యూ దేని మీద వేశారు?

కాలర్: సర్వేయర్ చెప్పింది నమ్మేశారని.

జడ్జి: అది అప్పీల్లో చెప్పుకోవాల్సిన మాటండీ! దాఖలైన కాగితాన్ని దాఖలే కాలేదని రాస్తే రివ్యూ అడగొచ్చు. సాక్షిని ఎందుకు నమ్మారని అడగడానికి కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మీద తుంగభద్ర ఇండస్ట్రీస్ నడిపిన కేసులోనే సుప్రీంకోర్టు ఆ తేడా చెప్పింది.

కాలర్: రివ్యూ అయితే తొందరగా తేలుతుందన్నారండీ.

యాంకర్: పోనీ, ఇంకో రివ్యూ?

జడ్జి: అదే 47వ ఆర్డర్‌లోని 9వ రూల్ ఒప్పుకోదు.

న్యాయవాది: డిక్రీ వచ్చిన ఎన్నో రోజున రివ్యూ వేశారు?

కాలర్: ఇరవై ఏడో రోజునండీ.

న్యాయవాది: హమ్మయ్య, ముప్పై రోజుల్లోపే వేశారన్నమాట. డిలే పిటిషన్లో ముందు ఆ మాట రాయించండి.