తలుపు బయట కూర్చోబెట్టినవారి తరఫున

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, రేపు ఈ వృత్తిలోకి రాబోతున్న విద్యార్థులకు నమస్కారం. నాకు ఇచ్చిన అంశం రాడికల్ సోషల్ వర్క్ చరిత్ర, అంటే పేదవారి కష్టాలకు వారిని తప్పుపట్టకుండా సమాజాన్ని ప్రశ్నించే సోషల్ వర్క్ ధోరణి చరిత్ర. దాన్ని క్లుప్తంగా ముగించి, ఇన్నాళ్లుగా నన్ను వేధిస్తున్న విషయం ఒకటి మీ ముందు పెడతాను.

1869లో లండన్‌లో చారిటీ ఆర్గనైజేషన్ సొసైటీ ఏర్పడింది. దాని కార్యకర్తలు పేదల ఇళ్లకు వెళ్లి, సాయానికి ఎవరు అర్హులో ఎవరు కారో విచారించేవారు. మనం గర్వంగా చెప్పుకునే కేస్‌వర్క్‌కు, అంటే ఒక్కో మనిషి లేదా కుటుంబం సమస్యను విడిగా పరిశీలించి సాయపడే పద్ధతికి, ఒక పునాది అక్కడే పడింది. పేదవారి మీద అనుమానం మన వృత్తికి పుట్టుకతోనే వచ్చింది. 1970లో బ్రిటన్‌లో కొందరు సోషల్ వర్కర్లు ‘కేస్ కాన్’ అనే పత్రిక పెట్టి ఈ ధోరణిని ఎదిరించారు. 1975లో రాయ్ బెయిలీ, మైక్ బ్రేక్ సంపాదకత్వంలో ‘రాడికల్ సోషల్ వర్క్’ పుస్తకం వచ్చింది. ఇల్లు లేకపోవడం, కూలి చాలకపోవడం తెచ్చిపెట్టే కష్టాలను మనిషి స్వభావంలోని లోపాలుగా లెక్కగట్టడం అన్యాయమన్నది వారందరి వాదన.

ఈ వాదన నాకు పుస్తకం కంటే ముందు ఒక వరండాలో అర్థమైంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పిల్లల సంరక్షణపై ఒక కేసు సమావేశం జరిగింది. అధికారులు, నిపుణులు, మేము అందరం లోపల ఉన్నాం. తల్లి మాత్రం బయట బెంచీ మీద ఉంది. పిలిచినప్పుడు రావడం లేదు కాబట్టి ఆమెకు శ్రద్ధ లేదని ఫైల్లో రాసి ఉంది. మా కార్యాలయం తెరిచి ఉండే వేళలే ఆమె పని వేళలు. వస్తే ఆ రోజు కూలి పోతుంది. ఆ సంగతి చెప్పగలిగిన మనిషి తలుపు అవతల ఉంది. లోపలికి పిలుద్దామని అడిగాను. ఆవిడ ఉంటే మనం స్వేచ్ఛగా మాట్లాడుకోలేమన్నారు. ఎవరి స్వేచ్ఛ, ఎవరి బిడ్డలు? మీరే చెప్పండి! అంతా అయ్యాక పిలిచి సంతకం పెట్టించుకున్నారు. తన గురించి ఏం రాశారో చూపించమని ఆమె అడిగితే నిబంధనలు ఒప్పుకోవన్నారు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. చల్లారకూడదు కూడా.

ఇంకా కొందరు సిద్ధాంతకర్తల గురించి చెప్పాలనుకున్నాను, కానీ వదిలేస్తున్నాను. వారికంటే ముఖ్యమైన మనిషి ఒకరున్నారు. పాల్ హంట్. వికలాంగుల సంరక్షణ గృహంలో ఏళ్ల తరబడి ఉన్న ఆయన, తనలాంటివారంతా సంఘటితం కావాలని 1972లో ‘గార్డియన్’ పత్రికకు లేఖ రాశారు. అందులోంచి ఒక సంఘం పుట్టింది. శరీరంలోని లోపం వేరని, మనిషిని అశక్తుణ్ణి చేసేది సమాజమని 1976లో ఆ సంఘం తేల్చి చెప్పింది. దాని మీదే, తానూ వికలాంగుడైన పండితుడు మైక్ ఆలివర్, వైకల్యాన్ని ఇలా సమాజం వైపు నుంచి చూసే ‘సామాజిక నమూనా’ను నిలబెట్టారు. అది సేవలు పొందినవారు కన్న ఆలోచనే! వారికి చైతన్యం మనమే తేవాలని ఇంకా బోధించేవారికి నేను ఈ ఒక్క ఉదాహరణే చూపిస్తాను.

బిడ్డ ప్రమాదంలో ఉంటే సోషల్ వర్కర్ చట్టాన్ని వాడవద్దా అని మీరు అడగవచ్చు. తప్పకుండా వాడాలి. మన చేతిలో ఆదరణతో పాటు అధికారం కూడా ఉంది, దాన్ని దాచి మాట్లాడటం మోసం. అలాంటప్పుడు ఆ తల్లి తన వాదన వినిపించడానికి, తనకు తోడుగా ఒకరిని తెచ్చుకోవడానికి, రాసినదాన్ని చదివి అభ్యంతరం నమోదు చేయడానికి వీలుండాలి. అద్దె, కూలి, బడి గురించి ఆమె చెప్పినదాన్ని ఆమె ప్రవర్తన కంటే ముందు రాయాలి. అలాంటి ఫైళ్లు ఒక్క వీధి నుంచే పది వస్తే, పదిమందికీ విడివిడిగా కౌన్సెలింగ్ చేస్తూ కూర్చోకండి. వారంతా ఒకచోట కలుసుకునేలా చూడండి.

2014లో అంతర్జాతీయంగా ఆమోదించిన సోషల్ వర్క్ నిర్వచనంలో విముక్తి కూడా ఉంది. మరి మన తరగతి గదుల్లో? 2003లో ఇంగ్లండ్‌లో కొత్త సోషల్ వర్క్ డిగ్రీ మొదలైనప్పుడు, సేవలు పొందేవారికి ఆ చదువులో భాగం కల్పించడం తప్పనిసరి చేశారు. ఇక్కడున్న శాఖాధిపతులను అడుగుతున్నాను: వచ్చే ఏడాది పాఠ్యప్రణాళిక రాసే సంఘంలో వారికి ఎన్ని స్థానాలు ఇస్తారు? పాఠం చెప్పినందుకు మీరు తీసుకునే గౌరవ వేతనమే వారికీ ఇస్తారా? ప్రశ్నల సమయం ఉందన్నారు. నన్ను అడగడం కంటే ముందు, శాఖాధిపతులు ఈ రెండింటికి సమాధానం చెప్పాలని కోరుతున్నాను.