అమావాస్య కూతురు: కసాండ్రా విల్సన్ పాటల మీద బాబాయ్‌తో ఒక పూట

[రికార్డింగ్ మధ్యలోంచి మొదలైంది]

పాప: ...ఎర్ర లైటు వెలిగింది, రికార్డవుతోంది. నమస్తే అండీ. ఇవాళ నా ఎదురుగా మా బాబాయ్ ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళు ఓడల్లో ఇంజనీరుగా తిరిగి ఇప్పుడు వైజాగ్‌లో మొక్కలకి నీళ్ళు పోసుకుంటున్నాడు. నాకు ఇరవై తొమ్మిదేళ్ళొచ్చినా ఇంట్లో ఇంకా పాపనే, కాబట్టి ఇక్కడా అంతే. బాబాయ్, ఆ సీడీ గురించి చెప్పు.

బాబాయ్: న్యూ ఆర్లీన్స్ రేవులో సరుకు దింపుతుంటే నాలుగు రోజులు ఖాళీ దొరికింది. పాత సీడీలమ్మే కొట్లో ఏడు డాలర్లకి తీసుకున్నా. అమెరికా జాజ్ గాయని కసాండ్రా విల్సన్ ఆల్బమ్, ‘న్యూ మూన్ డాటర్’. పాటలు చూసి కాదు, పేరు చూసి కొన్నా. న్యూ మూన్ అంటే అమావాస్య. అమావాస్య నాడు ఆడపిల్ల పుట్టిందంటే మనిళ్ళల్లో ఏమంటారో తెలుసుగా. ఈవిడెవరో అదే పేరు గర్వంగా అట్ట మీద వేసుకుంది.

పాప: నాకు మొదటిసారి పంపినప్పుడు నిజంగా నిద్రొచ్చింది బాబాయ్. అంత నిదానం ఏంటి! రెండో పాట సగంలో ఆపేశా.

బాబాయ్: తెలుసు. ‘బాగుంది’ అని ఒక్క ముక్క మెసేజ్ పెట్టావు, అప్పుడే అర్థమైంది. [నవ్వు]

పాప: సరే, విననివాళ్ళ కోసం. ఈవిడ ‘స్టాండర్డ్స్’ అనే పాత పాటల్ని వరస మార్చి పాడింది అంటావు కదా, స్టాండర్డ్ అంటే ఏమిటి?

బాబాయ్: 1920ల నుంచి యాభైల దాకా బ్రాడ్వే నాటకాలకీ హాలీవుడ్ సినిమాలకీ రాసిన పాటలు ఎక్కువగా. సినిమా పోయింది, నాటకం పోయింది, పాట మిగిలింది. జాజ్ వాళ్ళందరికీ అవి నోటికొచ్చు. ముక్కూ మొహం తెలియని నలుగురు స్టేజీ ఎక్కి ఫలానా పాట, ఫలానా శ్రుతి అనుకుంటే చాలు, కచేరీ నడిచిపోతుంది. తిరువయ్యూరులో పంచరత్నాలకి అందరూ గొంతు కలపరూ, ఆ మాదిరి. కాకపోతే ఇక్కడ ఎవడి దారి వాడిది.

పాప: అదే నా పేచీ. కర్ణాటక సంగీతం పాడే మేము రాగం ముట్టుకోం. సంగతులు వేస్తాం, నెరవు చేస్తాం, స్వరం వేస్తాం, కానీ కల్యాణిని తీసుకెళ్ళి తోడిలో పాడితే మా టీచర్ ఇంటికి రానివ్వరు.

బాబాయ్: మరి అన్నమయ్యో? తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. నువ్వు పాడేవన్నీ రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారి దగ్గర్నుంచి గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారి దాకా ఈ వందేళ్ళలో మళ్ళీ కట్టిన వరసలేగా. ఒకే కీర్తనని ఇద్దరు రెండు రాగాల్లో పాడితే ఇద్దరికీ దండం పెడతావు.

పాప: అది వరస పోయింది కాబట్టి కట్టారు. ఈవిడ వరస ఉండగానే మార్చింది. తేడా ఉంది.

బాబాయ్: ఉంది, ఒప్పుకుంటా. పైగా ఈవిడకి మామూలుగా పాడటం రాక కాదు. 1988లోనే ‘బ్లూ స్కైస్’ అని స్టాండర్డ్స్ ఆల్బమ్ చేసింది. ములగ్రూ మిల్లర్ పియానో, లోనీ ప్లాక్సికో బేస్ (కింది స్వరాలు వాయించే తంత్రి వాద్యం), టెరీ లిన్ క్యారింగ్టన్ డ్రమ్స్, అంతా పద్ధతి ప్రకారం. అంతకుముందు బ్రూక్లిన్‌లో సాక్సఫోన్ వాయించే స్టీవ్ కోల్‌మన్ వాళ్ళతో ఎం-బేస్ అని లెక్కల తాళాల గుంపులో ఉండేది. అదీ ఇదీ అయ్యాక బ్లూ నోట్ అనే జాజ్ రికార్డుల కంపెనీకి వచ్చి, క్రెయిగ్ స్ట్రీట్ ప్రొడ్యూసర్‌గా 1993లో ‘బ్లూ లైట్ టిల్ డాన్’, దాని వెనకాలే ఇది. ఈ రెంటిలో పియానోని పక్కకి జరిపి దాని జాగాలో గిటార్లు పెట్టారు. దీనికే 1997లో జాజ్ గాత్రానికి గ్రామీ కూడా వచ్చింది.

పాప: పియానో లేకపోతే ఏమవుతుంది? నిజంగా అడుగుతున్నా.

బాబాయ్: పియానో పది వేళ్ళతో సందులన్నీ నింపేస్తుంది. పాడేవాళ్ళకి అది మెత్తటి పరుపు. పరుపు తీసేస్తే గొంతు నేల మీద పడుకోవాలి. ఈవిడది ఆడగొంతుల్లో బాగా కింద ఉండే గొంతు, ఊపిరి కూడా వినబడుతుంది. మన సినిమాల్లో పాత పాటని రీమిక్స్ అంటే ఏం చేస్తారు, బీటు వేస్తారు, మధ్యలో ర్యాప్ పెడతారు, మొత్తానికి కలుపుతారు. ఈవిడ తీసేస్తూ పోయింది. ఇంకేం తీస్తే పాట చచ్చిపోతుందో అక్కడ ఆగింది.

పాప: మొదటి పాట అలాంటిదే. ‘స్ట్రేంజ్ ఫ్రూట్’. ఏబెల్ మీరోపోల్ అని న్యూయార్క్‌లో ఒక స్కూలు మాస్టారు రాశాడు, 1939లో జాజ్ గాయని బిల్లీ హాలిడే పాడింది. నల్లవాళ్ళని చంపి చెట్లకి వేలాడదీయడం గురించి. ఆవిడ కంపెనీ కొలంబియా ‘మేం రికార్డు చెయ్యం’ అనేస్తే కమొడోర్ అనే చిన్న కంపెనీకి వెళ్ళి పాడింది. అది వింటే ఏడుపొస్తుంది. కసాండ్రాది వింటే ఏడుపు రాలేదు, ఎవరో వెనకాల నడుస్తున్నట్టు భయమేసింది.

బాబాయ్: ఆ బేస్ వల్ల. ఒకే ముక్కని తిప్పి తిప్పి వాయిస్తుంటాడు, ఎక్కడికీ పోడు. ఈవిడ పుట్టింది మిసిసిప్పి రాష్ట్రం జాక్సన్‌లో, 1955లో. ఆ రాష్ట్రంలోనే ఆ సంవత్సరం ఎమెట్ టిల్ అనే పద్నాలుగేళ్ళ నల్ల కుర్రాణ్ణి తెల్లవాళ్ళు చంపేశారు. అలాంటి చోట పుట్టిన మనిషి ఆ పాటతో ఆల్బమ్ మొదలెడితే గొంతు పెంచాల్సిన పనేముంది?

[కొంచెం సేపు నిశ్శబ్దం]

పాప: ‘స్కైలార్క్’ గురించి చెప్పు. నాకు నచ్చింది అదే.

బాబాయ్: అది అసలు సిసలు స్టాండర్డ్. హోగీ కార్మైకేల్ వరస, జానీ మెర్సర్ మాటలు. పిట్టని పిలిచి, నా మనిషి ఎక్కడైనా కనబడ్డాడా అని అడగడం.

పాప: హంస రాయబారం!

బాబాయ్: అంతే. కాకపోతే శ్రీనాథుడి హంస సమాధానం చెబుతుంది, ఈ పిట్ట చెప్పదు. దాని వెనక పెడల్ స్టీల్ గిటార్ పెట్టింది చూడు, కాళ్ళున్న బల్లలా ముందు పెట్టుకుని కమ్మీ జరుపుతూ, కాలితో పెడల్ నొక్కుతూ వాయిస్తారు, స్వరం జారుతూ పోతుంది, మన గమకంలాగే. అది తెల్లవాళ్ళ కంట్రీ సంగీతపు వాద్యం. జాజ్ పాటకి దాన్ని తేవడమంటే సంగీత సభలో క్లారినెట్టు బ్యాండుమేళాన్ని కూర్చోబెట్టినట్టు.

పాప: మొత్తం పన్నెండు పాటల్లో ఏడు ఇతరులవి, అయిదు సొంతం. ఆ ఏడులో కూడా జాజ్ స్టాండర్డ్స్ అనదగ్గవి రెండే. మిగతావి హ్యాంక్ విలియమ్స్ కంట్రీ పాట, సన్ హౌస్ అనే పాతకాలపు గాయకుడి బ్లూస్ పాట, యూటూ బ్యాండుది ఒకటి, రాక్ గాయకుడు నీల్ యంగ్‌ది ఒకటి, మంకీస్‌ది ఒకటి... మంకీస్ అంటే టీవీ సీరియల్ కోసం కూర్చిన బ్యాండు కదా?

బాబాయ్: అవును, 1966 నాటి ‘లాస్ట్ ట్రైన్ టు క్లార్క్స్‌విల్’. ఎగురుకుంటూ పాడే పిల్లల పాట అనుకుంటాం. యుద్ధానికి పోతున్న కుర్రాడు రైల్వే స్టేషన్‌కి రమ్మని పిలుస్తున్నాడని రాసినవాళ్ళే తర్వాత చెప్పారు. ఈవిడ రైలు స్పీడు తగ్గించేసరికి ఆ కుర్రాడు కిటికీలోంచి కనబడ్డాడు. ఇది జాజే కాదని అప్పట్లో ముక్కు విరిచినవాళ్ళు లేకపోలేదు. నాకు ఆ గొడవ మీద ఓపిక లేదు, ముందుకు పోదాం.

పాప: సొంత పాటల్లో ‘ఎ లిటిల్ వార్మ్ డెత్’ ఉంది. చావు గురించి అయ్యుండి అంత హుషారుగా ఎందుకుంది?

బాబాయ్: ...అది ఫ్రెంచివాళ్ళ మాట. వాళ్ళు ‘చిన్న చావు’ అని... నీకు తెలుసు, నాకు తెలుసు, ఈ ప్రోగ్రాం మీ పిన్ని కూడా వింటుంది. తరువాత ప్రశ్న. [ఇద్దరూ నవ్వు]

పాప: సరే సరే. కానీ ఆ సొంత పాటల్లో ‘మెంఫిస్’, ‘ఫైండ్ హిమ్’ నాకు అంతగా ఎక్కలేదు. వరస కన్నా మూడ్ ఎక్కువ. ‘సాలమన్ సాంగ్’ మాత్రం ఎవరో పాతకాలం వాళ్ళ పాటే అనుకున్నా, పేర్లు చూశాక తెలిసింది.

బాబాయ్: సొంత పాటకి అంతకన్నా మెచ్చుకోలు ఏముంటుంది? ‘మెంఫిస్’ విషయంలో నీతో గొడవ పెట్టుకునే ఓపిక కూడా ఉంది, తర్వాత పెట్టుకుంటా. ఇంకోటి. నోరా జోన్స్ ఉంది కదా, పండిట్ రవిశంకర్ గారి కూతురు. 2002లో వచ్చిన ఆవిడ మొదటి ఆల్బమ్ కూడా బ్లూ నోట్‌దే. దాని పని మొదట మొదలెట్టింది ఈ క్రెయిగ్ స్ట్రీటే. అందులోనూ హ్యాంక్ విలియమ్స్ పాట ఉంటుంది. కోట్లలో అమ్ముడైన ఆ దారికి ముందుగా ముళ్ళు కొట్టింది ఈవిడ.

పాప: చివరి పాట ‘హార్వెస్ట్ మూన్’. నీల్ యంగ్‌ది. అంటే కోతల కాలపు పౌర్ణమి. ఒక్క నిమిషం... పేరు అమావాస్య, ఆఖరికి పౌర్ణమి!

బాబాయ్: ఇన్నేళ్ళుగా వింటున్నా, నాకు తట్టలేదే ఇది.

పాప: అబ్బ, ఇవాళ్టికి చాలు నాకు. కొత్తగా వినేవాళ్ళు ఎక్కడ మొదలెట్టాలి?

బాబాయ్: మొదటి పాట నుంచి.

పాప: వద్దండీ, నాలాగే ఆపేస్తారు. ‘స్కైలార్క్’తో మొదలెట్టండి, రాత్రి పూట, ఫోన్ స్పీకర్ మీద మాత్రం వద్దు, ఆ బేస్ అందులో అసలు వినబడదు.

బాబాయ్: పాపా, ఆ ఎర్ర లైటు ఆరిపోయిందేంటి?

పాప: అయ్యో, బ్యాటరీ—