ఏడు మీటర్ల నాలుగు సెంటీమీటర్లు

అందరికీ నమస్కారం.

నన్ను పరిచయం చేస్తూ "ఒకప్పటి కాలేజీ రన్నర్" అన్నారు. ఆ మాట పుణ్యమా అనే నాకీ స్కూలు కోచ్ ఉద్యోగం దొరికింది. మొదటి ఐదారేళ్లు పిల్లల మోకాళ్లు నొప్పెట్టడమూ దాని పుణ్యమే.

కాలేజీలో నాది 800 మీటర్లు. మా కోచ్ వారానికి రెండుసార్లు, నాలుగువందల మీటర్లు పన్నెండేసి సార్లు పరుగెత్తించేవారు. చిన్న ఊరి హైస్కూల్లో చేరగానే పద్నాలుగేళ్ల పిల్లలకి నేనూ అదే పెట్టాను. నెల తిరక్కుండా ముగ్గురు మోకాళ్లు పట్టుకుని కూర్చున్నారు. ఎదిగే వయసులో చిప్ప కింద, తొడ కండరం లాగే చోట ఎముక ఇంకా ముదరదు. లాగీ లాగీ అక్కడ బొడిపె కడుతుంది. నేను దాన్ని బద్ధకం అనుకున్నాను. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

కెన్యాలో ఇటెన్ అనే చిన్న ఊళ్లో సెయింట్ పాట్రిక్స్ హైస్కూల్ ఉంది. 1976లో ఐర్లండ్ నుంచి బ్రదర్ కొలమ్ ఓకానెల్ అక్కడికి వచ్చింది భూగోళం పాఠాలు చెప్పడానికి. కోచింగ్‌లో ఓనమాలు కూడా తెలియవు. ఆయన చేతిలో తయారైన డేవిడ్ రుడిషా 2012 లండన్ ఒలింపిక్స్‌లో 800 మీటర్లు 1:40.91కి పూర్తిచేసి ప్రపంచ రికార్డు పెట్టాడు. గుర్తుచేసుకోవడానికి తన పరుగంటూ లేదు కాబట్టి ఆయన పిల్లల పరుగునే చూసి ఉంటారని నా ఊహ. నాకు ఆ చూపు రావడానికి పదేళ్లు పట్టింది. గెలుపు గీత దగ్గర నిలబడడం మానేసి 300 మీటర్ల దగ్గరికి జరిగాను. భుజాలు చెవుల దాకా ఎగబాకేదీ, పిడికిళ్లు బిగిసేదీ అక్కడే. టైము ఎవరైనా చూస్తారు.

ఇంకొకటి చెప్పాలి. చిన్న స్కూల్లో ట్రాక్‌కి గీతలు గీసేదీ కోచే. లేన్ వెడల్పు 1.22 మీటర్లు. బయటికి పోయేకొద్దీ చుట్టు పెరుగుతుంది కాబట్టి, 400 మీటర్ల పరుగులో ఒక్కో లేన్‌కి మొదలుపెట్టే గీతను దాని లోపలి లేన్ గీత కన్నా 7.67 మీటర్లు ముందుకి జరపాలి, మామూలు చుట్టుకొలత లెక్కే. ఒక్క రెండో లేన్‌కి మాత్రం 7.04. లోపల గట్టు ఉన్న ట్రాక్‌లో మొదటి లేన్ పొడవుని గట్టు నుంచి 30 సెంటీమీటర్ల అవతల కొలుస్తారు, మిగతావాటిని గీత నుంచి 20 అవతల. ఒక ఏడాది ఆ సంగతి మరిచిపోయి అన్నిటికీ 7.67 పెట్టేశాను.

ఆరోజు రెండో లేన్‌లో ఉన్న అమ్మాయి మొట్టమొదటిసారి 65 సెకన్ల లోపు వచ్చింది. 64.9. ఏడ్చేసింది. రాత్రి కాగితం మీద లెక్క చూసుకుంటే నాకు నిద్ర పట్టలేదు. ఆ పిల్ల 63 సెంటీమీటర్లు తక్కువ పరుగెత్తింది. అంటే సుమారు సెకనులో పదో వంతు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పొద్దున్నే పిలిచి చెప్పాను. ఏమీ అనలేదు. టేపు అడిగింది. ఇద్దరం వంగి, మలుపు పొడుగునా మళ్లీ కొలిచాం.

ఆ ఏడాదంతా 65 దాటి కిందికి రాలేదు. మరుసటి ఏడాది ఆఖరి పోటీలో 64.6. మళ్లీ రెండో లేనే. ఆ తెల్లవారుజామున గీతలు గీస్తున్నప్పుడు టేపు రెండో కొస పట్టుకున్నదీ ఆ అమ్మాయే. "సార్, ఏడు సున్నా నాలుగే కదా" అని రెండుసార్లు అడిగింది.