పర్మిట్ జేబులో ఉంది, రూల్ మాత్రం మారుతూనే ఉంది

(2025 నవంబర్‌లో న్యూజెర్సీలో తెలుగువాళ్ల సమావేశంలో మాట్లాడిన పాఠం)

అందరికీ నమస్కారం అండి. ఈ చలిలో ఆదివారం పూట ఇంతమంది వస్తారనుకోలేదు, చాలా సంతోషం. ముందే చెప్పేస్తున్నా, నేను లాయర్ని కాదు. కన్వీనియన్స్ స్టోర్ నడుపుతాను, రాత్రి పదకొండింటికి గల్లాపెట్టె లెక్క చూసుకుని ఆ క్యాష్ పట్టుకుని పార్కింగ్ లాట్‌లో ఒంటరిగా కారు దాకా నడిచే మనిషిని. క్యారీ పర్మిట్, అంటే గన్ వెంట పెట్టుకుని బయట తిరగడానికి ఇచ్చే అనుమతి, తీసుకున్నాక కోర్టు తీర్పులు చదవడం అలవాటు చేసుకున్నా, ఎందుకంటే చదవకపోతే మనమే నేరస్తులం అయిపోయే పరిస్థితి ఉంది ఇక్కడ. నాకు తెలిసినవాళ్లలోనే గన్ కొన్నవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో "సుప్రీంకోర్టు ఒప్పేసుకుంది, ఎక్కడికైనా పట్టుకెళ్లొచ్చు" అని మెసేజ్‌లు తిరుగుతుంటే నాకు భయం వేస్తోంది. తీర్పు రావడం వేరు, ఇవాళ మనం నిలబడ్డ చోట ఏ రూల్ నడుస్తోందనేది వేరు. ఆ తేడా చెప్పడానికే వచ్చా.

అసలు ఈ గొడవ ఎక్కడ మొదలైందో చెప్పాలంటే మా తాతయ్య గుర్తొస్తాడు. మాది ఖమ్మం వైపు, అడవి పక్క ఊరు, మొక్కజొన్న వేస్తే రాత్రికి రాత్రి అడవి పందులు దున్నేసి పోయేవి. తాతయ్య పంట కాపలాకి తుపాకి లైసెన్సు కోసం అర్జీ పెట్టుకుని తిరిగి తిరిగి వదిలేశాడు. అదే ఊళ్లో పలుకుబడి ఉన్న ఇంట్లో మాత్రం డబుల్ బ్యారెల్ ఉండేది, ఎలక్షన్లు వచ్చినప్పుడు పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేసి మళ్లీ తెచ్చుకునేవాళ్లు, అది చూడ్డం మాకు చిన్నప్పుడు ఒక వింత. అర్హత ఉందా లేదా అని కాదు, ఆఫీసర్‌కి నచ్చిందా లేదా అని. ఇక్కడికొచ్చాక న్యూయార్క్, న్యూజెర్సీల్లో కూడా సరిగ్గా అదే పద్ధతి ఉందని తెలిసి ఆశ్చర్యపోయా.

న్యూయార్క్‌లో 1911 నుంచి సల్లివాన్ చట్టం ఉంది. తర్వాత అందులో చేరిన రూల్ ప్రకారం గన్ బయటికి కనపడకుండా పెట్టుకుని తిరగాలంటే "తగిన కారణం" చూపించాల్సి వచ్చేది, మామూలుగా ప్రాణభయం ఉందంటే సరిపోయేది కాదు, అందరికీ లేని ప్రత్యేకమైన భయం నీకుందని నిరూపించుకోవాల్సి వచ్చేది. మన న్యూజెర్సీలో కూడా దాదాపు ఇదే షరతు వేరే మాటల్లో ఉండేది, రిటైర్డ్ పోలీసులకి, సెక్యూరిటీ గార్డులకి తప్ప మామూలు జనానికి పర్మిట్ దొరకడం చాలా అరుదు. కాలిఫోర్నియా, మేరీలాండ్, మసాచుసెట్స్, హవాయి కూడా ఇదే దారి. మిగతా రాష్ట్రాల్లో దాదాపు అన్నిట్లో, సుప్రీంకోర్టు లెక్కలో 43 రాష్ట్రాల్లో, అర్హతలు ఉంటే ఆఫీసర్ ఇచ్చి తీరాల్సిందే.

ఈ ఆలస్యం, ఈ దయాదాక్షిణ్యం ఎంత పని చేస్తుందో ఒక ఉదాహరణ చెప్తా. 2015లో సౌత్ జెర్సీలో బెర్లిన్ టౌన్‌షిప్‌లో ఒకావిడ, మాజీ బాయ్‌ఫ్రెండ్ మీద కోర్టు నుంచి రక్షణ ఆర్డర్ తెచ్చుకుంది, ఇంట్లో కెమెరాలు పెట్టించుకుంది, గన్ కొనుక్కోడానికి పర్మిట్‌కి ఏప్రిల్‌లో అప్లై చేసింది. చట్టం 30 రోజుల్లో తేల్చమంటుంది. నెల దాటినా రాలేదు. జూన్‌లో తన ఇంటి ముందే ఆ మనిషి చేతిలో కత్తిపోట్లకి చనిపోయింది. అది క్యారీ పర్మిట్ కూడా కాదండి, కొనుక్కునే పర్మిట్ మాత్రమే. గన్ ఉంటే బతికేదా అంటే నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. కానీ ఆమె చేయాల్సినవన్నీ చేసింది, ప్రభుత్వం చేయాల్సింది చేయలేదు, దాన్ని మాత్రం నేను మర్చిపోలేను.

సరే, 2008లో హెల్లర్ కేసులో ఇంట్లో గన్ పెట్టుకోవడం ప్రతి మనిషికీ ఉన్న హక్కు అని సుప్రీంకోర్టు అంది, 2010లో మెక్‌డొనాల్డ్ కేసులో అది రాష్ట్రాలకి, ఊళ్లకి కూడా వర్తిస్తుందని అంది. ఇంటి గుమ్మం దాటాక సంగతేంటి అన్నది ఇంకో పన్నెండేళ్లు నలిగింది. 2022 జూన్ 23న బ్రూయెన్ తీర్పు వచ్చింది, 6-3 తో, జస్టిస్ క్లారెన్స్ థామస్ రాశాడు. అప్‌స్టేట్ న్యూయార్క్‌లో ఇద్దరు మామూలు మనుషులు వేటకి, ప్రాక్టీసుకి మాత్రమే పర్మిట్ ఇచ్చారని, ఆత్మరక్షణకి ఇవ్వలేదని వేసిన కేసు అది. ప్రత్యేకమైన భయం ఉందని నిరూపించుకోమనడం చెల్లదు అన్నారు. ఇంకో పెద్ద మార్పు ఏంటంటే, ఇక మీద గన్ చట్టం ఏదైనా నిలబడాలంటే దానికి ఈ దేశ చరిత్రలో పోలిక చూపించాలి, ప్రజలకి మంచిది అని వాదిస్తే సరిపోదు. అందుకే ఇప్పుడు కోర్టుల్లో లాయర్లు 1700ల నాటి, 1800ల నాటి చట్టాలు తవ్వి తీస్తున్నారు.

అదే తీర్పులో ఒక ఫుట్‌నోట్ ఉంది, తొమ్మిదోది, అందరూ చదవాలి అది. ట్రైనింగ్ అడగొచ్చు, బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయొచ్చు, కానీ మరీ ఎక్కువ రోజులు తిప్పించుకున్నా, మరీ ఎక్కువ ఫీజు గుంజినా దాన్ని కూడా ప్రశ్నించొచ్చు అని. నేను అప్లై చేసింది 2023 మొదట్లో. ఫీజు 200 డాలర్లు, అంతకుముందు ఇంకా తక్కువ ఉండేది. బంధువులు కాని నలుగురు రిఫరెన్స్ ఇవ్వాలి. మనవాళ్లలో నలుగుర్ని పట్టుకునేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది, ఇరవై ఏళ్ల స్నేహితులు కూడా "గన్ కాగితం మీద మా పేరెందుకు అన్నయ్యా" అని జంకారు, వాళ్లని తప్పు పట్టను. పర్మిట్ చేతికి రావడానికి ఐదు నెలలు దాటింది. వచ్చింది కదా అనుకున్నా, అసలు తిప్పలు అక్కడే మొదలయ్యాయి.

బ్రూయెన్ వచ్చిన ఎనిమిది రోజులకే న్యూయార్క్ కొత్త చట్టం పాస్ చేసింది. పర్మిట్ అయితే ఇస్తాం, కానీ సబ్‌వేలో వద్దు, పార్కుల్లో వద్దు, థియేటర్లలో వద్దు, టైమ్స్ స్క్వేర్‌లో వద్దు, గుళ్లల్లో చర్చిల్లో వద్దు అని పెద్ద జాబితా పెట్టింది. డిసెంబర్ 22న ఇక్కడ న్యూజెర్సీలో గవర్నర్ ఫిల్ మర్ఫీ కూడా అలాంటి చట్టం మీదే సంతకం పెట్టాడు. వెంటనే కేసులు పడ్డాయి, కూన్స్, సీగల్ అని రెండు కేసులు కలిపి విన్నారు, క్యామ్‌డెన్‌లో జడ్జి రెనీ బంబ్ ముందు.

ఇప్పుడు మనందరికీ తెలిసిన చోటు పెట్టుకుని చెప్తా, ఎడిసన్‌లో రూజ్‌వెల్ట్ పార్క్. 2022 డిసెంబర్ చివర్లో చట్టం వచ్చింది, పార్కులో క్యారీ చేస్తే నేరం. 2023 జనవరి చివర్లో జడ్జి బంబ్ పార్కుల రూల్‌ని ఆపింది, అంటే చేయొచ్చు. మే 16న ఇంకా వివరంగా ఆర్డర్ ఇచ్చింది, చేయొచ్చు. జూన్‌లో ఫిలడెల్ఫియాలో పైకోర్టు, థర్డ్ సర్క్యూట్, ఆవిడ ఆర్డర్లో చాలా భాగం మీద స్టే ఇచ్చింది, మళ్లీ నేరం. ఆరు నెలల్లో అదే పార్కు, అదే బెంచీ, అదే మనిషి, అదే పర్మిట్, ఒక నెల చట్టబద్ధం, ఇంకో నెల జైలు. 2025 సెప్టెంబర్ 10న ఆ పైకోర్టు బెంచ్ 2-1 తో పార్కులతో సహా చాలా చోట్ల నిషేధం నిలబెట్టింది, షాపుల్లాంటి చోట ముందే అనుమతి ఉండాలన్న రూల్‌ని, ఇన్సూరెన్స్ తప్పనిసరి అన్న రూల్‌ని మాత్రం ఒప్పుకోలేదు. కేసు ఇక్కడితో ఆగదు, అది వేరే సంగతి.

స్టే అంటే మనకి కొత్త కాదు కదా, పొలం తగాదాల్లో స్టే తెచ్చుకోవడం అందరూ చూసిందే, గోడ కడుతుంటే స్టే తెస్తారు, పని ఆగిపోతుంది. ఇక్కడ చిక్కు ఎక్కడంటే, కింద జడ్జి చట్టాన్ని ఆపుతుంది, పైకోర్టు ఆ ఆపడాన్నే ఆపుతుంది. అంటే చట్టం మళ్లీ లేచి కూర్చుంటుంది. పేపర్లో మాత్రం మొదటి వార్తే పెద్దగా వస్తుంది, రెండోది ఎక్కడో మూల వస్తుంది, గ్రూపుల్లో మొదటిదే సంవత్సరాల తరబడి తిరుగుతూ ఉంటుంది. అందుకని గెలిచాం అన్న వార్త చూడగానే రెండు ప్రశ్నలు వేసుకోండి, ఏ కోర్టు, దాని మీద స్టే ఉందా. ఈ రెండూ తెలియకపోతే గన్ ఇంట్లో సేఫ్‌లోనే ఉంచండి, దయచేసి.

రాష్ట్రం దాటేవాళ్లు ఇంకా జాగ్రత్త. టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి, జార్జియాలో 2022 నుంచి పర్మిట్ లేకుండానే క్యారీ చేయొచ్చు. డాలస్‌లో, అట్లాంటాలో అలవాటు పడ్డ మన తమ్ముళ్లు ప్రాజెక్ట్ మారి ఇక్కడికొస్తారు. న్యూజెర్సీ ఏ రాష్ట్రం పర్మిట్‌నీ ఒప్పుకోదు, పక్కనున్న పెన్సిల్వేనియాది కూడా. పది రౌండ్లు దాటిన మ్యాగజైన్, అంటే గన్‌లో తూటాలు పెట్టే డబ్బా, ఇక్కడ నిషేధం, అక్కడ గన్‌తో పాటు బాక్సులో వచ్చేదే ఇక్కడ నేరం. 2013లో ఫిలడెల్ఫియా నుంచి ఒక తల్లి, ఇద్దరు పిల్లలున్న ఆవిడ, అట్లాంటిక్ కౌంటీలో ట్రాఫిక్ స్టాప్‌లో ఆఫీసర్ అడగకముందే నా దగ్గర గన్ ఉంది, ఇదిగో పెన్సిల్వేనియా పర్మిట్ అని తానే చెప్పింది. అరెస్ట్ చేశారు. కనీసం మూడున్నరేళ్లు జైల్లో ఉండాల్సిన కేసు. 2015లో గవర్నర్ క్రిస్ క్రిస్టీ క్షమాభిక్ష ఇచ్చాక గానీ ఆవిడ బతుకు ఒడ్డున పడలేదు. నిజాయితీగా ఉన్నా రూల్ తెలియకపోతే ఇదీ జరిగేది.

ఆవిడ అమెరికా పౌరురాలు, మనలో చాలామంది కాదు. హెచ్1బి, హెచ్4, ఎఫ్1 మీద ఉన్నవాళ్లు గన్ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. స్నేహితులతో షూటింగ్ రేంజ్‌కి సరదాగా వెళ్లి గన్ అద్దెకి తీసుకున్నా అది దగ్గర పెట్టుకోవడం కిందకే రావచ్చు. గ్రీన్ కార్డు ఉంటే కొనొచ్చు, కానీ గన్ కేసులో శిక్ష పడితే గ్రీన్ కార్డు ఉన్నా దేశం నుంచి పంపించేయొచ్చు. పౌరుడికి తప్పు జరిగితే లాయర్ ఫీజు, జైలు. మనకి వాటి మీద ఇల్లు, పిల్లల చదువు, ఇరవై ఏళ్ల కష్టం అన్నీ పోతాయి. ఇంకోటి కూడా చెప్పాలి, 2024 నవంబర్‌లో అట్లాంటాలో చదువుకుంటున్న తెలంగాణ కుర్రాడు కొత్తగా కొన్న హంటింగ్ గన్ శుభ్రం చేస్తుంటే పేలి చనిపోయాడు, పుట్టినరోజు నాడు. కోర్టుల సంగతి తర్వాత, లోపల గుండు ఉందా లేదా అని ప్రతిసారీ చూసుకోవడం మొదటి పని. నా గన్ నేను పది నిమిషాల క్రితమే ఖాళీ చేసినా మళ్లీ చూస్తాను.

ఇక హవాయి. ఉల్ఫర్డ్ వర్సెస్ లోపెజ్ అనే కేసుని సుప్రీంకోర్టు ఈ అక్టోబర్‌లో విచారణకి తీసుకుంది. హవాయి 2023 చట్టం ఏమంటుందంటే, షాపు గానీ హోటల్ గానీ గ్యాస్ స్టేషన్ గానీ, జనానికి తెరిచి ఉన్న ప్రైవేటు చోటైనా సరే, యజమాని స్పష్టంగా రమ్మంటే తప్ప గన్‌తో అడుగు పెట్టకూడదు. ఇలాంటిదే న్యూయార్క్‌లో సెకండ్ సర్క్యూట్ చెల్లదంది, ఇక్కడ థర్డ్ సర్క్యూట్ చెల్లదంది, హవాయిది మాత్రం నైన్త్ సర్క్యూట్ చెల్లుతుందంది. కోర్టులు చీలిపోయాయి కాబట్టే పైకి వెళ్లింది. నన్ను ఆపేసిన విషయం ఏంటంటే, చరిత్రలో పోలిక చూపించాలి కదా, నైన్త్ సర్క్యూట్ ఆధారపడ్డ పాత చట్టాల్లో ఒకటి 1771 నాటి మన న్యూజెర్సీదే. పరాయివాడి పొలంలో అనుమతి లేకుండా తుపాకి పట్టుకుని తిరగొద్దని. దొంగతనంగా వేటాడేవాళ్ల కోసం పెట్టింది. ఇంకోటి 1865 నాటి లూసియానా చట్టం, బానిసత్వం నుంచి అప్పుడే బయటపడ్డ నల్లవాళ్ల చేతుల్లో ఆయుధం లేకుండా చేయడానికి తెచ్చిన చట్టాల వరుసలోది. అలాంటి దాన్ని ఇవాళ ఆధారంగా పట్టుకురావడం నాకు బాధగా ఉంది, దాచుకోను.

షాపు ఓనర్‌గా నా అభిప్రాయం అడిగితే, నా షాపులోకి గన్ తేవొద్దని బోర్డు పెట్టే హక్కు నాకుంది, ఆ హక్కు ఎవరూ తీసేయట్లేదు. నా బదులు గవర్నమెంట్ ముందుగానే ప్రతి గుమ్మానికీ కనపడని బోర్డు కట్టేయడం మీదే నా అభ్యంతరం. హవాయి వాళ్ల బాధ కూడా నేను తీసిపారేయను, వాళ్ల సొంత సుప్రీంకోర్టు 2024లో జనం గన్‌లతో తిరగడం అలోహా స్ఫూర్తికి, అంటే ప్రేమగా కలిసి బతికే వాళ్ల పద్ధతికి, విరుద్ధం అని రాసింది, వాళ్ల దీవుల్లో అలవాటు అది. మా ఇంట్లో కూడా ఈ వాదన ఉంది. మా అమ్మాయి స్కూల్లో లాక్‌డౌన్ డ్రిల్, అంటే ఎవరైనా గన్‌తో చొరబడితే ఎలా దాక్కోవాలో ప్రాక్టీసు, చేసి వచ్చిన రోజు రాత్రి మా ఆవిడ "నీ పర్మిట్ నాకేం ధైర్యం ఇవ్వట్లేదు" అంది. బ్రూయెన్‌కి నెల ముందే టెక్సాస్‌లోని యువాల్డేలో, స్కూల్లో కాల్పులకి 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు, ఆ మాటకి నా దగ్గర తీర్పుల్లో సమాధానం లేదు. ప్రమాదకరమైన వాళ్ల చేతుల్లో గన్ ఉండకూడదన్న దాంట్లో కోర్టుకీ నాకూ తేడా లేదు, 2024లో రహిమీ కేసులో, ఇంట్లో వాళ్లని కొట్టి కోర్టు ఆర్డర్ ఎదుర్కొంటున్న మనిషి దగ్గర గన్ తీసేసుకోవచ్చని 8-1 తో చెప్పారు, ఆ తీర్పు చదివి నేను సంతోషించా.

హవాయి కేసులో వాదనలు వచ్చే ఏడాది మొదట్లో ఉంటాయి. సుప్రీంకోర్టు వెబ్‌సైట్‌లో ఆడియో లైవ్ వస్తుంది, వాదనలు పొద్దున పదింటికి మొదలవుతాయి. ఆ రోజు షాపులో కౌంటర్ వెనక ఫోన్ పెట్టుకుని వింటాను, రావాలనుకున్నవాళ్లు రండి, టీ నేను పెడతాను. వీసా గురించి ప్రశ్నలున్నవాళ్లు ముందు అడగండి, వాళ్లవే తొందరవి.